గింజలో దాక్కున్న పురుగు

ఈ పాఠంలో నేర్చుకునేవి

• బియ్యానికి, పప్పులకు పురుగు ఎలా పడుతుంది
• మన ఊళ్లలో ధాన్యాన్ని ఎలా దాచేవాళ్లు, ఎందుకు అలా దాచేవాళ్లు
• ఇండియా నుంచి ఇంటి బియ్యాన్ని అమెరికాకు ఎందుకు తేనివ్వరు
• ‘–కుండా’తో వాక్యాలు చెప్పడం, రాయడం

చదివే ముందు మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో బియ్యం దేనిలో పోసి పెడతారు? సంచిలోనా, డబ్బాలోనా?
2. మీరు ఎప్పుడైనా బియ్యంలో పురుగును చూశారా? అది ఏ రంగులో ఉంది?
3. అమ్మమ్మ, నానమ్మ ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఏమేం తెస్తారు?

చదవండి

1. సంచి మూసే ఉంది, పురుగు ఎక్కడిది?

పిల్లలూ! జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూవార్క్ అవెన్యూ మీద ఇండియా స్క్వేర్ ఉంది. మీలో చాలామంది అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి ఉంటారు. అక్కడి దుకాణాల్లో బియ్యం సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నాన్న ఒక సంచి ఎత్తి బండిలో పెడతారు. ఇంటికి వచ్చాక అమ్మ దాన్ని విప్పి డబ్బాలో పోస్తుంది.

కొన్ని వారాల తరువాత ఒకరోజు డబ్బా మూత తీస్తే, తెల్లటి బియ్యం మీద నల్లగా ఏదో కదులుతూ కనిపిస్తుంది. “అయ్యో, బియ్యానికి పురుగు పట్టింది!” అంటుంది అమ్మ. సంచి కుట్టేసి ఉంది, డబ్బాకు మూత ఉంది. మరి పురుగు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ పురుగు బియ్యంలోంచి దానంతట అది పుట్టలేదు. పురుగు నుంచే పురుగు పుడుతుంది. చాలాసార్లు గుడ్డు రూపంలోనో, పిల్లపురుగు రూపంలోనో అది సంచిలో ముందే ఉంటుంది. మనకు కనిపించలేదు, అంతే. ఒక్కోసారి వంటగదిలో మరో డబ్బాలో ఉన్న పురుగు మూత సందులోంచి కూడా దూరుతుంది.

2. ముక్కుపురుగు ఏం చేస్తుంది?

బియ్యంలో మనకు ఎక్కువగా కనిపించేది ముక్కుపురుగు. దాని పొడవు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. రంగు ముదురు గోధుమ. వీపు మీద నాలుగు లేత రంగు మచ్చలు ఉంటాయి. తల ముందుకు సాగి ముక్కులా ఉంటుంది. అందుకే ఆ పేరు.

ఆడ పురుగు ఆ ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేస్తుంది. అందులో ఒక గుడ్డు పెడుతుంది. తరువాత తన ఒంట్లోంచి వచ్చే జిగురుతో ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇప్పుడు ఆ గింజను మీరు చేతిలోకి తీసుకుని చూసినా తేడా తెలియదు!

కొద్ది రోజుల్లో గుడ్డు పగిలి పిల్లపురుగు బయటపడుతుంది. దానికి కాళ్లుండవు. దాని ఇల్లూ ఆ గింజే, అన్నమూ ఆ గింజే. లోపలి పిండిని తింటూ అక్కడే పెరుగుతుంది. పెద్దయ్యాక గింజకు కన్నం చేసుకుని బయటికి వస్తుంది. వెచ్చగా ఉంటే ఇదంతా నాలుగైదు వారాల్లో అయిపోతుంది. ఒక్క ఆడ పురుగు తన జీవితంలో 300కు పైగా గుడ్లు పెట్టగలదు. అంటే మనం మొదటి పురుగును చూసేసరికి, గింజల లోపల ఇంకా ఎన్నో ఉండవచ్చు.

ముక్కుపురుగు మనల్ని కరవదు. కానీ అది తిన్న గింజ డొల్ల అయిపోతుంది. చుట్టూ తెల్లటి నుసి రాలుతుంది. రైతు ఇంట్లో అయితే నష్టం ఇంకా పెద్దది. పురుగు తిన్న విత్తనాలు సరిగా మొలకెత్తవు. విత్తనం పోతే వచ్చే ఏడాది పంట కూడా పోయినట్టే.

3. ఇంకెవరున్నారు?

వడ్ల చిలుక: ‘చిలుక’ అంటే ఇక్కడ పచ్చటి రామచిలుక కాదు, సీతాకోకచిలుక లాంటి చిన్న రెక్కల పురుగు. దాని పిల్లపురుగు వడ్లగింజలోకి దూరి లోపలి బియ్యాన్ని తింటుంది. పంట ఇంకా చేలో ఉన్నప్పుడే ఇది గుడ్లు పెట్టడం మొదలుపెట్టవచ్చు.

పుచ్చుపురుగు: పెసలు, అలసందలు, శనగలు, కందులు దీనికి ఇష్టం. గుడ్లను గింజ పైనే అంటిస్తుంది. అవి తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. పురుగు బయటికి వచ్చాక గింజకు గుండ్రటి కన్నం మిగులుతుంది. అలాంటి గింజను ‘పుచ్చు గింజ’ అంటాం.

పిండి పురుగు: ఎర్రగా, చిన్నగా ఉంటుంది. గట్టి గింజను తొలవలేదు. పిండి, రవ్వ, విరిగిన గింజలు తింటుంది. ముక్కుపురుగు తిని వదిలిన నుసి ఉన్నచోటికి ఇది కూడా వచ్చి చేరుతుంది.

4. గాదె, గుమ్మి, పాతర

ఇప్పుడు మనకు సంచి అయిపోతే ఇంకో సంచి కొనుక్కోవచ్చు. పాతరోజుల్లో రైతు ఇంటికి ఏడాది తిండి ఒకేసారి వచ్చేది. మళ్లీ పంట వచ్చేదాకా దాన్నే కాపాడుకోవాలి. అందుకే ధాన్యం దాచడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన విద్య.

వెదురుతో అల్లిన పెద్ద బుట్టలో ధాన్యం పోసి, పైన కప్పు వేసి దాచేవాళ్లు. దాన్ని కొన్నిచోట్ల గాదె అని, తెలంగాణలో గుమ్మి అని అంటారు. కోస్తా ఊళ్లలో వరిగడ్డిని తాడుగా పేని, గుండ్రంగా చుట్టి ‘పురి’ కట్టేవాళ్లు. నేలలో గొయ్యి తవ్వి అందులో దాస్తే దాన్ని పాతర అంటారు. ‘గాదె కింద పందికొక్కు’ అనే మాట విన్నారా? ఇంట్లోనే ఉంటూ ఇంటి సొమ్ము తినేవాణ్ణి అలా అంటారు. ధాన్యాన్ని తినే పందికొక్కు నుంచి పుట్టిన మాట అది.

పురుగు పట్టకుండా పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లో, దాని వెనక కారణం ఏమిటో చూడండి.

బాగా ఎండబెట్టడం: తడి గింజ మెత్తగా ఉంటుంది, పురుగుకు అదే కావాలి. వడ్లలో తేమ 14 శాతం దాటకుండా ఆరబెట్టి దాచాలి. తేమ కొలిచే మీటర్ లేని రోజుల్లో రైతు ఒక గింజను పంటి కింద పెట్టి కొరికేవాడు. ‘కటుక్కు’మని విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకా ఎండలో పెట్టాల్సిందే.

వడ్లుగానే దాచడం: వడ్లగింజకు పైన గట్టి పొట్టు ఉంటుంది. అది గింజకు కోటగోడ లాంటిది. బియ్యం చేస్తే ఆ గోడ పోతుంది. అందుకే కావలసినప్పుడు కావలసినన్ని వడ్లే దంచుకునేవాళ్లు.

పేడతో, మట్టితో అలకడం: గాదె సందుల్లో పాత గింజలు, పాత పురుగులు మిగిలిపోతాయి. ముందు బాగా ఊడ్చి, తరువాత అలికితే ఆ సందులు మూసుకుపోతాయి.

బూడిద, వేపాకు: పొడిగా ఉన్న బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేస్తుంది. అప్పుడు పురుగు ఒంట్లో నీరు ఆరిపోయి చచ్చిపోతుంది. వేపాకు వాసన, చేదు పురుగులకు గిట్టవు.

పప్పులకు ఆముదం పట్టించడం: గింజ మీద నూనె పొర ఉంటే పుచ్చుపురుగు గుడ్డుకు గాలి అందదు.

గాలి ఆడకుండా మూయడం: నిండా నింపి గట్టిగా మూసిన పాతరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు పురుగులు బతకలేవు. ఇదే సూత్రంతో 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మూడు పొరల సంచిని తయారుచేశారు. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, బయట ఒక నేసిన సంచి ఉంటాయి. అందులో అలసందలు పోసి బిగించి కడితే మందు కలపకుండానే పురుగు ఆగిపోతుంది.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి ఒక్క మాట చాలు: పురుగు వచ్చాక తరమడం కష్టం, రాకుండా చూసుకోవడం తేలిక.

5. ఓడెక్కి వెళ్లే ఖప్రా పురుగు

ధాన్యం పురుగుల్లో అందరూ భయపడేది ఖప్రా పురుగు. దీని సొంత ఊరు మన భారత ఉపఖండమే అని శాస్త్రవేత్తలు చెబుతారు. పెద్ద పురుగు మూడు మిల్లీమీటర్లు కూడా దాటదు. దీనికి రెక్కలున్నా ఎగరదు. మరి దేశాలు ఎలా దాటుతుంది? సంచుల్లో, ఓడల్లో, సామాన్లలో మనమే దాన్ని మోసుకెళ్తాం.

ధాన్యాన్ని తినేది దీని పిల్లపురుగు. దాని ఒళ్లంతా సన్నని వెంట్రుకలు ఉంటాయి. అవి రాలి ధాన్యంలో కలుస్తాయి. ఆ ధాన్యం తింటే కొందరికి జబ్బు చేస్తుంది. అన్నిటికంటే కష్టమైన విషయం ఇంకొకటి ఉంది. తిండి దొరకకపోతే ఆ పిల్లపురుగు గోడ పగుళ్లలో, సంచి కుట్లలో దూరి, ఏళ్ల తరబడి ఏమీ తినకుండా బతకగలదు. చాలా మందులు కూడా దానికి పనిచేయవు.

1953లో కాలిఫోర్నియాలోని ధాన్యం గోదాముల్లో ఈ పురుగు బయటపడింది. దాన్ని పూర్తిగా తీసేయడానికి 1966 వరకు పట్టింది. పెద్ద పెద్ద గోదాములకు గుడారంలా గుడ్డ కప్పి, లోపలికి విషవాయువు పంపాల్సి వచ్చింది. మొత్తం దాదాపు 11 మిలియన్ డాలర్లు, అంటే ఒక కోటీ పది లక్షల డాలర్లు ఖర్చయింది.

అందుకే 2011 నుంచి ఖప్రా పురుగు ఉన్న దేశాల బియ్యాన్ని ప్రయాణికులు తమ సామాన్లలో అమెరికాకు తేకూడదు. ఆ దేశాల్లో భారతదేశం కూడా ఉంది. మరి దుకాణాల్లో ఇండియా బియ్యం ఎలా అమ్ముతున్నారు? వ్యాపారులు తెచ్చే బియ్యాన్ని ముందే అక్కడి అధికారులు పరీక్షించి, పురుగు లేదని ధ్రువపత్రం ఇస్తారు. మన సూట్‌కేసులో ఐదు కేజీలకు ఆ పత్రం ఉండదు.

సంభాషణ

(శనివారం పొద్దున్న. జెర్సీ సిటీలో ఉన్న మనవరాలు, తణుకు దగ్గర పల్లెటూళ్లో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. ఇద్దరిద్దరుగా గట్టిగా చదవండి.)

అమ్మమ్మ: ఏమ్మా, అప్పుడే లేచావా? ఇక్కడ దీపం పెట్టే వేళైంది. తమ్ముడేం చేస్తున్నాడు?

మనవరాలు: పడుకున్నాడు అమ్మమ్మా. నువ్వు సూట్‌కేసు సర్దేశావా?

అమ్మమ్మ: సర్దుతూనే ఉన్నాను. మన చేలో సార్వా వడ్లు మరపట్టించాం. తమ్ముడి అన్నప్రాశనకని ఐదు కేజీలు వేరే సంచిలో కట్టిపెట్టాను. వాడికి మొదటి ముద్ద మన చేలో బియ్యంతోనే పెట్టాలి.

మనవరాలు: అమ్మమ్మా, ఒక మాట చెప్తాను. కోపం తెచ్చుకోవుగా?

అమ్మమ్మ: నీ మీద నాకు కోపమేంటే! చెప్పు.

మనవరాలు: ఇండియా నుంచి బియ్యం తేనివ్వరు. ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు.

అమ్మమ్మ: ఎందుకని? మన బియ్యంలో ఏం దోషముంది? నేనే చెరిగాను, నేనే ఏరాను. ఒక్క పురుగు కూడా లేదు.

మనవరాలు: నీ కంటికి కనపడేవి లేవు అమ్మమ్మా. ఖప్రా అని ఒక పురుగుంది. సంచి కుట్టులో దాని పిల్లపురుగు దాక్కుంటే ఎవరికీ కనపడదు. ఏళ్లకేళ్లు తిండి లేకుండా బతుకుతుందట.

అమ్మమ్మ: పోనీ, చీరల మధ్యలో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా తెస్తే?

మనవరాలు: అమ్మో, వద్దు! చెప్పకుండా తెచ్చి దొరికితే జరిమానా వేస్తారు. ముందే చెప్పేస్తే జరిమానా ఉండదు కానీ బియ్యం మాత్రం ఇవ్వరు. నువ్వు ఏరిన బియ్యం చెత్తలో పడేస్తే నాకు ఏడుపొస్తుంది.

అమ్మమ్మ: (కాసేపు మాట్లాడలేదు) మొదటి ముద్దే... మన చేలోది కాకపోతే ఎలాగే?

మనవరాలు: అమ్మమ్మా, గాదెలో కొత్త వడ్లు పోసేముందు తాతయ్య పాత గింజ ఒక్కటి కూడా లేకుండా ఊడ్చేవారని చెప్పావు కదా. ఎందుకు ఊడ్చేవారు?

అమ్మమ్మ: పాతదాంట్లో పురుగుంటే కొత్తదానికి పాకుతుందని. ఒకసారి మీ తాతయ్య ఊళ్లో లేనప్పుడు పనివాళ్లు ఊడవకుండా పోసేశారు. ఆ ఏడాది సగం గాదె నుసైపోయింది. విత్తనాలు కూడా కొనుక్కోవాల్సి వచ్చింది.

మనవరాలు: ఇక్కడ కూడా ఒకప్పుడు అలాగే అయిందట. అందుకే ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆపుతున్నారు.

అమ్మమ్మ: అంటే మీ దేశం వాళ్ల గాదె అన్నమాట! నిజమేలే. పక్కింటివాళ్లు వడ్లు తెస్తే చూడకుండా నా గాదెలో పోయనిస్తానా నేను? వాళ్లను అనడానికి లేదు.

మనవరాలు: నువ్వొచ్చాక ఇండియా స్క్వేర్‌కి వెళ్దాం. బియ్యం నువ్వే చూసి తీసుకో. అమ్మకి అన్నప్రాశన చేసిన వెండి గిన్నె ఉందిగా, అది తెచ్చేయ్. అందులో పెడదాం.

అమ్మమ్మ: ఆ గిన్నె బీరువాలోనే ఉంది. మీ అమ్మకీ, మీ మావయ్యకీ అందులోనే పెట్టాం. సరే, ఈ ఐదు కేజీలు మీ మావయ్యకి ఇస్తాను. వాడి అన్నప్రాశన రోజున ఇక్కడ వండి, నలుగురికీ పెట్టమంటాను.

మనవరాలు: అప్పుడు తమ్ముడి పేరు మీద అక్కడా భోజనం, ఇక్కడా భోజనం!

కొత్త మాటలు

వడ్లు: పొట్టు తీయని బియ్యపు గింజలు
నుసి: పురుగు తిన్నాక రాలే మెత్తటి పొడి
డొల్ల: లోపల ఏమీ లేనిది
చెరగడం: చాటలో పోసి ఎగరేస్తూ పొట్టు, దుమ్ము పోగొట్టడం
ఏరడం: రాళ్లు, చెత్త చేత్తో తీసేయడం
మరపట్టించడం: మిల్లులో వడ్లను బియ్యంగా చేయించడం
అలకడం: పేడ, మట్టి నీళ్లలో కలిపి పూయడం
సార్వా: వానాకాలంలో వేసే వరి పంట
గోదాము: సరుకులు దాచే పెద్ద గది
జరిమానా: తప్పు చేస్తే కట్టే డబ్బు
అన్నప్రాశన: పసిపిల్లలకు మొదటిసారి అన్నం తినిపించే వేడుక

భాష తెలుసుకుందాం: ‘–కుండా’

ఈ పాఠంలో ‘–కుండా’ చాలాసార్లు వచ్చింది. దానికి రెండు పనులు ఉన్నాయి.

మొదటిది, ఒక పని చేయలేదు అని చెప్పడం:
పనివాళ్లు గాదెను ఊడవకుండా వడ్లు పోశారు. (వాళ్లు ఊడవలేదు. వడ్లు పోశారు.)

రెండోది, ఒకటి జరగకూడదు అని చెప్పడం:
పురుగు పట్టకుండా వేపాకు వేశారు. (పురుగు పట్టకూడదు. అందుకే వేపాకు వేశారు.)

చూడు – చూడకుండా, చెప్పు – చెప్పకుండా, తిను – తినకుండా, కలుపు – కలపకుండా

ఇప్పుడు మీరు రాయండి:
1. గాలి ________ (వెళ్లు) డబ్బా మూత గట్టిగా పెట్టాలి.
2. పిల్లపురుగు ఏమీ ________ (తిను) చాలాకాలం బతుకుతుంది.
3. వడ్లు ________ (ఎండబెట్టు) దాస్తే పురుగు పడుతుంది.
4. ఎవరికీ ________ (చెప్పు) బియ్యం తేకూడదు.

మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు

మాట్లాడేటప్పుడు: కోపమేంటి – రాసేటప్పుడు: కోపమేమిటి
మాట్లాడేటప్పుడు: చెప్తాను – రాసేటప్పుడు: చెబుతాను
మాట్లాడేటప్పుడు: కనపడేవి – రాసేటప్పుడు: కనిపించేవి
మాట్లాడేటప్పుడు: వెళ్దాం – రాసేటప్పుడు: వెళదాం
మాట్లాడేటప్పుడు: తెచ్చేయ్ – రాసేటప్పుడు: తీసుకురా

గమనించండి: అమ్మమ్మను మనవరాలు ‘నువ్వు’ అంది. తాతయ్య గురించి ‘ఊడ్చేవారు’ అంది. మీ ఇంట్లో ఎవరిని ‘నువ్వు’ అంటారు, ఎవరిని ‘మీరు’ అంటారు? ఇల్లు మారితే ఇది కూడా మారుతుంది.

సరైనదా, కాదా?

1. బియ్యం పాతబడితే దానిలోంచి పురుగు దానంతట అదే పుడుతుంది.
2. ముక్కుపురుగు గుడ్డు గింజ లోపల ఉంటుంది.
3. వడ్ల చిలుక ఒక పక్షి.
4. ఖప్రా పురుగు ఎగురుకుంటూ సముద్రం దాటుతుంది.
5. పప్పుకు ఆముదం పట్టిస్తే గుడ్డుకు గాలి అందదు.

జవాబులు రాయండి

1. సంచి మూసి ఉన్నా బియ్యంలో పురుగు ఎలా కనిపించింది?
2. బియ్యం కంటే వడ్లు ఎక్కువకాలం ఎందుకు నిలవ ఉంటాయి?
3. పాతరకు, మూడు పొరల సంచికి పోలిక ఏమిటి?
4. కాలిఫోర్నియాలో ఖప్రా పురుగును తీసేయడానికి ఎన్ని సంవత్సరాలు పట్టింది? లెక్క కట్టండి.
5. అమ్మమ్మ మొదట ఒప్పుకోలేదు, తరువాత ఒప్పుకుంది. ఏ మాట విన్నాక ఆమె మనసు మారింది?
6. అమ్మమ్మకు ఆ బియ్యమే తేవాలని ఎందుకు అనిపించింది? మీరైతే ఆమెకు ఎలా చెప్పేవారు? ఐదు వాక్యాలు రాయండి.

చేసి చూద్దాం

1. ఒక తెల్లటి పళ్లెంలో గుప్పెడు బియ్యం పరిచి, లైటు కింద చూడండి. కన్నం ఉన్న గింజలు, నుసి ఉన్నాయా? తరువాత ఆ బియ్యాన్ని గిన్నెడు నీళ్లలో పోయండి. డొల్ల గింజలు పైకి తేలుతాయి. ఎన్ని తేలాయో తెలుగులో లెక్కపెట్టండి.

2. మీ వంటింట్లో ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని మూత పెట్టండి. దాన్ని బకెట్ నీళ్లలో ముంచి పట్టుకోండి. బుడగలు వస్తే మూత సందులోంచి గాలి పోతోందని అర్థం. మీ బియ్యానికి ఏ డబ్బా మంచిదో అమ్మానాన్నలకు చెప్పండి.

3. కొత్తగా కొన్న పెసలను, పిండిని సంచిలో గట్టిగా కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. ఫ్రీజర్ చలి 0 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. లోపల గుడ్లు, పురుగులు ఉంటే చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

4. ఈ వారం అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్ చేసి ఈ ప్రశ్నలు తెలుగులో అడగండి. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుని తరగతికి తీసుకురండి.

• మీ చిన్నప్పుడు ఇంట్లో ధాన్యం దేనిలో దాచేవాళ్లు? దాన్ని మీ ఊళ్లో ఏమనేవాళ్లు?
• పురుగు పట్టకుండా ఏం వేసేవాళ్లు? ఎవరు వేసేవాళ్లు?
• విత్తనాలు విడిగా ఎక్కడ పెట్టేవాళ్లు?

ఒకే వస్తువుకు ఊరికో పేరు ఉండవచ్చు. తరగతిలో అందరూ తెచ్చిన పేర్లు బోర్డు మీద రాసి, ఏ పేరు ఏ జిల్లాదో పక్కన రాయండి.